మమత నేర్చిన సగం స్పానిష్

మమతకు స్పానిష్‌లో మొదటిసారి పూర్తిగా అర్థమైన వాక్యం ఆమె గురించే.

రాయదుర్గంలో ఒక టవరు పదకొండో అంతస్తులో, సాయంత్రం ఏడున్నర కాల్ కోసం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని ఉంది. అవతలివైపు పెరూ దేశపు రాజధాని లీమాలో ఉన్న టీము. అక్కడ అప్పుడు పొద్దున తొమ్మిది. వాళ్ళ మేనేజరు ఇంకా రాలేదని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. హైదరాబాదులో ఎవరికీ స్పానిష్ రాదన్న ధీమాతో మైకులు ఆపలేదు. వాళ్ళలో మరిసోల్ అనే ఆమె, "పోబ్రే మమతా. సియెంప్రే సువేనా కన్సాదా" అన్నది. పాపం మమత, ఎప్పుడు విన్నా అలిసిపోయినట్టే వినిపిస్తుంది.

అందులో ఎగతాళి లేదు. ఉంటే కోపం తెచ్చుకోవడానికైనా వీలుండేది. మమత మైకు ఆన్ చేసి ఇంగ్లీషులో, మొదలుపెడదామా అని అడిగింది. అడుగుతూ తన గొంతు తానే విన్నది. మరిసోల్ అన్న మాట నిజమే అనిపించింది.

అప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. తండ్రి ఐలయ్య జనగామ దగ్గరి పల్లె నుంచి తాపీ పనికి వచ్చి, ఈ చుట్టుపక్కల లేచిన టవర్లలో ఆరేడింటికి గోడలు కట్టాడు. భుజం పట్టేశాక వాటిలోనే ఒకదాని గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా కుదిరాడు. తల్లి ఈరమ్మ ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేసి, మోకాళ్ళు అరిగాక మానేసింది. మమత హన్మకొండలో ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ టెస్టరు అయింది. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికి చూపించడం ఆమె పని. పన్నెండేళ్ళుగా అదే. మధ్యలో ఇరవై ఆరో ఏట పెళ్ళయింది, ఇరవై ఎనిమిదో ఏట విడాకులయ్యాయి. శేరిలింగంపల్లిలో కిరాయి ఫ్లాటులో తల్లిదండ్రులతో ఉంటోంది. ఆమెకు పెద్ద కష్టం ఏదీ లేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి కూడా ఏమీ లేదు. పొద్దున లేవగానే అలసట, అంతే. దవాఖానకు పోతే రక్తం తక్కువగా ఉందన్నారు, మాత్రలు ఇచ్చారు. రక్తం పెరిగింది. అలసట తగ్గలేదు.

స్పానిష్ నేర్చుకోవాలని ఆమె అనుకోలేదు. రోజూ కాల్‌కు ముందు ఆ రెండు మూడు నిమిషాలు వినగా వినగా కొన్ని మాటలు చెవిలో ఉండిపోయాయి. వాళ్ళు మాటిమాటికీ "యా, యా" అంటుంటే అది ఇంగ్లీషు యా అనుకుంది చాలా రోజులు. అది వేరే మాట అని, అయిపోయింది, చాలు, సరే అని సందర్భాన్ని బట్టి అర్థం మారుతుందని తెలిసినప్పుడు ఎందుకో సంతోషమేసింది. ఫోనులో ఒక యాప్ పెట్టుకుంది. తర్వాత కూకట్‌పల్లిలో పార్థసారథి గారని, ఓడల కంపెనీలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇంట్లోనే స్పానిష్ చెబుతారని తెలిసి ఆదివారాలు వెళ్ళడం మొదలుపెట్టింది.

"మమత గారూ, మీకు ర పలకడం పుట్టుకతోనే వచ్చేసిందండి. తెల్లదొరలు దానికోసం ఏళ్ళు తంటాలు పడతారు," అన్నారాయన మొదటి రోజు. తెలుగులో లాగే స్పానిష్‌లోనూ నేను, నువ్వు అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు. క్రియలోనే తెలిసిపోతుంది. నువ్వు, మీరు తేడా కూడా ఉంది. కానీ బల్ల ఆడది, పుస్తకం మగది ఎందుకయిందో మాత్రం ఆయన కూడా చెప్పలేకపోయారు.

ఒక ఆదివారం ఆయన, "ఉండటంలో రెండు రకాలండి," అన్నారు. "స్వభావంగా ఉండటానికి ఒక క్రియ, ప్రస్తుతానికి ఉండటానికి ఒకటి. నేను అలిసిపోయి ఉన్నాను అనాలంటే రెండోదే వాడాలి. ఎస్తోయ్ కన్సాదా. అలసట పోయేదే కదండీ."

"పోకపోతే?" అంది మమత.

ఆయన నవ్వారు. "అప్పుడూ రెండోదేనండి. వ్యాకరణం ఒప్పుకోదు."

వర్తమాన కాలం పూర్తయ్యేసరికి ఆఫీసులో శని ఆదివారాలు కూడా రమ్మనడం మొదలైంది. క్లాసులు ఆగిపోయాయి. భూతకాలం పాఠం ఆమె వినలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం పని ముగించుకుని కిందికి వచ్చింది. రోజూ ఎక్కే షేర్ ఆటో ఎదురుగానే ఉంది. ఇద్దరు కూర్చున్నారు, ఇంకొకరికి చోటుంది. మమత దాన్ని దాటి నడుచుకుంటూ పోయి మెట్రో ఎక్కింది. మెట్రో ఆమె ఇంటి వైపు పోదు. నాగోలు దాకా పోయింది. అందరూ దిగిపోయారు. ప్లాట్‌ఫారం మారి మళ్ళీ ఎక్కింది. రాయదుర్గం వచ్చింది. మళ్ళీ నాగోలు. ఏడుపు రాలేదు, ఆలోచన కూడా లేదు. కూర్చోవడానికి సీటు దొరికింది, ఎవరూ ఏమీ అడగడం లేదు, అంతే. రెండోసారి తిరిగొచ్చాక ఒక గార్డు దగ్గరికి వచ్చి, "మేడం, ఎక్కడికి పోవాలె?" అని మర్యాదగానే అడిగాడు. ఆమె లేచి దిగిపోయింది.

సోమవారం పోయి మేనేజరు సురేంద్రను ఆరు వారాల సెలవు అడిగింది. సురేంద్రది కడప దగ్గర. మాట కరుకుగా ఉంటుంది కానీ మనిషి అంత కాదు.

"ఆరు వారాలంటే ఎట్ల మమతా? పెండ్లేమన్నా కుదిరిందా?"

"లేదు సార్. పెరూ పోతున్న."

"పెరూనా? రోజూ వాళ్ళతో మాట్లాడేది చాల్లేదా?"

"పని గాక వేరే ఏమన్న మాట్లాడాలనుంది సార్."

సురేంద్ర సెలవు కాగితం ముందుకు లాక్కున్నాడు. జీతం రాదని ఒకటికి రెండుసార్లు చెప్పి, సంతకం పెట్టాడు.

ఇంట్లో ఈరమ్మ ఒక పట్టాన ఒప్పుకోలేదు. "ఎవలున్నరే ఆడ నీకు?"

"ఎవలు లేరమ్మా."

"మరెందుకు పోవుడు?"

"ఎవలు లేరనే పోతున్న."

ఐలయ్య కూతురు సర్దుకున్న బ్యాగును ఒక చేత్తో లేపి చూశాడు. "పదిహేను కిలోలుంటది. భుజాల మీద మోస్తే నాలెక్కనే అయితవు. నడుము మీద పడాలె బరువు," అని నడుము పట్టీ బిగించి, రెండుసార్లు విప్పించి పెట్టించాడు. సగం బట్టలు తీసేయించాడు. మరుసటి రోజు చూస్తే అందులో ఈరమ్మ పెట్టిన సకినాలు రెండు కిలోలు ఉన్నాయి.

జూలై మొదటి వారంలో మమత లీమాలో దిగింది. మరిసోల్‌కు చెప్పలేదు. తెలిసినవాళ్ళు ఒక్కరుంటే చాలు, మళ్ళీ హుషారుగా ఉన్నట్టు నటించాలి.

విమానాశ్రయం బయట టాక్సీవాడు మాట్లాడిన మొదటి పది మాటల్లో ఒక్కటీ అర్థం కాలేదు. పార్థసారథి గారు మాట మాటకూ ఆగేవారు. ఇక్కడ ఎవరూ ఆగరు. హాస్టల్‌లో ఒక గదిలో ఎనిమిది మంచాలు. అందరూ ఇరవై ఏళ్ళ యూరపు పిల్లలు. ఏ కొండ ఎక్కారో, ఎంత తాగారో ఇంగ్లీషులో చెప్పుకుంటున్నారు. మమత వాళ్ళకు చిరునవ్వు చూపించి దుప్పటి కప్పుకుంది. లీమాలో ఆకాశం నాలుగు రోజులూ బూడిదరంగులోనే ఉంది. ఊళ్ళో ఏదో చూడాలి, ఫొటో తీయాలి అనిపించలేదు. ఇంత దూరం వచ్చినా అలసట అలాగే ఉందని గ్రహించి ఆమెకు భయం వేసింది.

కొండల మీది అయకుచో పట్టణానికి బస్సులో వెళ్ళింది. అక్కడ ఒక చిన్న లాడ్జిలో గది తీసుకుని మూడు రోజులు పడుకుంది. మధ్యలో లేచి సకినాలు తిని, నీళ్ళు తాగి మళ్ళీ పడుకునేది. మూడో రోజు లాడ్జి యజమానురాలు తలుపు కొట్టింది. "సెన్యోరీతా, ఎస్తా వీవా?" ప్రాణాలతో ఉన్నారా అని అడుగుతోంది. మమత మంచం మీదే కూర్చుని, ఆ క్రియ ఏ రకమో గుర్తించింది. బతికి ఉండటానికి కూడా ప్రస్తుతానికి ఉండే క్రియే వాడతారన్నమాట. "సీ, సెన్యోరా," అని తలుపు తీసింది. ఆమె వేడివేడి సూపు గిన్నెతో నిలబడి ఉంది. ఎండ వచ్చింది, పోయి మెట్ల మీద కూర్చో అని చేత్తో చూపించింది. మమత కూర్చుంది. ఆ వారమంతా దాదాపు అదే చేసింది. పక్కన ఉన్ని వడికే ముసలామెతో వాన, చలి, ధర, పిల్లలు అని ఒక్కో మాటే మాట్లాడింది.

అక్కడి నుంచి కుస్కో వైపు బయలుదేరింది. బస్సు కొండలెక్కి, చెట్టు లేని గడ్డి మైదానాల్లోకి వచ్చాక ఆగింది. ముందు లారీలు వరుసగా ఉన్నాయి. డ్రైవరు వెనక్కి తిరిగి ఒకే మాట చెప్పాడు. "పారో." ముందర రోడ్డు మూసేశారు.

కొందరు బస్సులోనే కూర్చున్నారు. కొందరు మూటలు దింపుకుని నడక మొదలుపెట్టారు. ముందు ఊళ్ళో అడ్డం దాటితే అవతల వేరే బండి దొరకొచ్చని వాళ్ళ ఆశ. మమత వాళ్ళ వెంట నడిచింది. పది కిలోమీటర్ల పైనే ఉంటుంది. గాలి పలచన. వంద అడుగులకొకసారి ఆగింది. తల పగిలిపోతోంది. నాయిన చెప్పినట్టు బరువు నడుము మీదే పడుతోంది. తోటివాళ్ళు ఒక్కొక్కరే దాటిపోయారు.

చివరికి ఒక చిన్న ఊరు వచ్చింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు, నీలగిరి దుంగలు, కాలిన టైర్లు. పక్కనే జనం. ఏళ్ళ కిందట సగం తవ్వి వదిలేసిన కాలువ పూర్తి చేయమని వాళ్ళ పోరాటం. రోడ్డు మధ్యలో మూడు రాళ్ళ పొయ్యిల మీద పెద్ద పెద్ద డేగిశాలు. ఆడవాళ్ళు వండుతున్నారు. మమత ఆ పొగ వాసన చూసి నిలబడిపోయింది. హన్మకొండలో చదివే రోజుల్లో, తెలంగాణ ఉద్యమం నడుస్తుంటే, హైవే మీద వంటావార్పుకు కాలేజీ పిల్లలందరూ పోయారు. ఆమె ఉల్లిగడ్డలు తరిగింది ఆ రోజు. ఇరవై ఒక్క ఏళ్ళు. పొద్దంతా ఎండలో ఉండి కూడా అలిసిపోలేదు.

బ్యాగు దించి పొయ్యి పక్కన కూలబడింది. టోపీ పెట్టుకున్న ఒక పెద్దామె వచ్చి, ఏమీ అడగకుండానే గుప్పెడు కోకా ఆకులు చేతిలో పెట్టి, బుగ్గన పెట్టుకోమని సైగ చేసింది. తలనొప్పికి మందు. ఆమె పేరు హసింతా. యాభై ఐదేళ్ళు ఉంటాయి.

గంట తర్వాత తల కొంచెం తేలికపడింది. ఊరికే కూర్చోలేక మమత చేయి చాపి కత్తి అడిగింది. ఆలుగడ్డల గుట్ట చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. నాలుగు గడ్డలు చెక్కిందో లేదో హసింతా ఆమె చేయి పట్టుకుని ఆపింది. కింద పడిన తొక్క తీసి ఎండకు ఎత్తి చూపించింది. తొక్కకు వేలెడు మందాన గడ్డ అంటుకుని ఉంది.

"ఆరు నెలలు పెంచాం దీన్ని. నువ్వు సగం పారేస్తున్నావు," అంది. అని తనో గడ్డ చెక్కి చూపించింది. తొక్క కాగితంలా దిగింది. మమతకు సిగ్గనిపించింది. ఆ తర్వాత ఒక్కో గడ్డకు ఐదు నిమిషాలు తీసుకుంది.

అప్పుడు తోచింది ఆమెకు, హసింతా మాటలు తనకు అర్థమవుతున్నాయని. లీమాలో గానీ అయకుచోలో గానీ ఎవరూ ఇంత స్పష్టంగా వినిపించలేదు. అడిగితే హసింతా చెప్పింది. ఆమె సొంత భాష కెచువా. పదిహేనో ఏట లీమాలో ఒకరింట్లో పనికి పెట్టారు. అక్కడ తిట్లు తింటూ నేర్చుకుంది స్పానిష్. "ఇది నాకూ అరువు భాషే. అందుకే మెల్లగా నడుస్తాను దీంట్లో," అంది.

వాళ్ళు ప్రశ్నలడిగారు. ఏ దేశం? ఒక్కదానివేనా? అమ్మ ఉందా? అన్నిటికీ జవాబు చెప్పింది. అవతల కూర్చున్న ఒకామె, "కసాదా?" అని అడిగింది. పెళ్ళయిందా అని. మమత చెవికి అది కన్సాదా అని వినబడింది.

"సీ," అంది మమత. "చాలా. రోజూ. పన్నెండేళ్ళ నుంచి."

ఆడవాళ్ళంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత నవ్వులు. హసింతా కళ్ళు తుడుచుకుంటూ, పెళ్ళి, అలసట, రెండు మాటలూ విడదీసి పలికి తేడా చెప్పింది. "అయినా నువ్వు తప్పు చెప్పలేదు," అంది ఇంకొకామె. మళ్ళీ నవ్వారు. మమత కూడా నవ్వింది. నవ్వితే ఊపిరందక దగ్గు వచ్చింది.

"మరి పెళ్ళయిందా, లేదా?" హసింతా వదల్లేదు.

విడాకులకు మాట తెలుసు కానీ, అయ్యాయి అనడం తెలియదు. అంతెస్ సీ, అవోరా నో, అంది. ముందు ఉంది. ఇప్పుడు లేదు.

"కొట్టేవాడా?"

"లేదు. మాట్లాడడు. రెండు సంవత్సరాలు నాతో మాట్లాడడు."

హసింతా తల ఊపింది. ఇంకో గడ్డ అందుకుంది. ఆ విషయం మమత ఇంట్లో కూడా అంత సూటిగా చెప్పలేదు. ఇంట్లో అడిగినప్పుడల్లా, కుదరలేదు అనే చెప్పింది. ఇక్కడ నాలుగు మాటలే వచ్చు కాబట్టి ఉన్నదే చెప్పింది.

మూడు రోజులు రోడ్డు తెరవలేదు. మమత హసింతా ఇంట్లోనే ఉంది. మట్టి ఇల్లు, వంటగదిలో కాళ్ళ కింద గినీ పందులు కిచకిచమంటూ తిరిగేవి. పగలంతా రోడ్డు మీద వంట. తమ దగ్గరా ఇలాగే చేశామని చెప్పాలని మమత చాలా తంటాలు పడింది. "మాకు రాష్ట్రం లేదు. మేం రోడ్డు మీద వంట చేస్తున్నాం. విద్యార్థులు చనిపోతున్నారు. రాష్ట్రం వస్తోంది."

విన్నవాళ్ళు కంగారుపడ్డారు. "ఇప్పుడా? మీ అమ్మా నాన్నా క్షేమమేనా?"

ఇప్పుడు కాదు, పాతది అని చేతులతో వెనక్కి చూపించింది. హసింతాకు అర్థమైంది. ఆ సాయంత్రం ఆమె మమతకు భూతకాలం నేర్పింది. పుస్తకంలో లాగా కాదు. పొయ్యి దగ్గర కూర్చుని, వండేవాళ్ళం, నడిచేవాళ్ళం, ఆకలిగా ఉండేది, అని ఒక్కోటి చెప్పి తిరిగి అనిపించింది. తాను లీమాలో పని చేసిన ఇంటి గురించి ఆ క్రియలతోనే చెప్పింది. అయిదింటికి లేచేదాన్ని. నేల తుడిచేదాన్ని. వాళ్ళు తిన్నాక తినేదాన్ని. మమత ఆమె వెంట అదే వరసలో అంటూ పోయింది. అనేటప్పుడు ఈరమ్మ గుర్తొచ్చింది. ఆఫీసు బాత్రూములు కడిగి వచ్చి, చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ మాట్లాడకుండా కూర్చునేది. "మా అమ్మ కూడా తుడిచేది," అంది మమత. అది ఆమె భూతకాలంలో సొంతంగా చెప్పిన మొదటి వాక్యం.

ఆ ఊళ్ళో ఫోను సిగ్నలు లేదు. ఇంటికి మూడు రోజులు ఫోను చేయలేకపోయింది. వాళ్ళు పరేషాన్ అవుతారని తెలుసు, కానీ చేయగలిగింది లేదు. హైదరాబాదులో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. రెండో రోజు ఐలయ్య డ్యూటీకి పోలేదు. యూనిఫాం వేసుకుని నేరుగా కూతురు పనిచేసే టవరు గేటు దగ్గరికి పోయాడు. అక్కడి గార్డు, ఎవరికోసం వచ్చావు, పాసేదీ అన్నాడు. రోజూ తాను జనాన్ని అడిగే ప్రశ్నే. "నా బిడ్డ ఈడ పనిచేస్తది. సురేంద్ర సార్‌ను పిలువు జర. ఆయనొచ్చేదాంక నేను ఈన్నే నిలబడ్త," అని పక్కన నిలబడ్డాడు. రెండు గంటలు నిలబడ్డాడు.

విషయం తెలిసి సురేంద్ర కిందికి వచ్చాడు. ఐలయ్యను పైకి తీసుకుపోయి తన కుర్చీలో కూర్చోబెట్టి లీమాకు ఫోను కలిపాడు. మమత పెరూలో ఉందన్న సంగతి మరిసోల్‌కు అప్పుడే తెలిసింది. ఆమె బస్సు కంపెనీలన్నిటికీ ఫోన్లు చేసి, ఏ రోడ్డు మీద ఏ ఊళ్ళో అడ్డం ఉందో, ప్రయాణికులు ఎక్కడున్నారో కనుక్కుంది. అందరూ క్షేమంగా ఉన్నారని రాత్రికల్లా కబురు వచ్చింది.

నాలుగో రోజు పొద్దున అధికారులు రెండు జీపుల్లో వచ్చారు. కాగితం చదివారు, సంతకాలు పెట్టారు. చప్పట్లు పెద్దగా లేవు. జనం రాళ్ళు పక్కకు దొర్లించడం మొదలుపెట్టారు. "కాలువ వస్తుందా?" అని అడిగింది మమత. "పోయిన సారి కూడా సంతకం పెట్టారు," అంది హసింతా. అని వంగి ఇంకో రాయి పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని దొర్లించారు.

సిగ్నలు వచ్చిన చోట మమత ఇంటికి ఫోను చేసింది. ఈరమ్మ తిట్టలేదు. "బతికున్నవు గదా," అంది. "మీ నాయినతో మాట్లాడు." ఐలయ్య ఫోను అందుకున్నాడు. "నడుము పట్టీ మంచిగ కట్టుకుంటున్నవా?" అన్నాడు. కట్టుకుంటున్నా అంది. ఫోను పెట్టేశాక బస్టాండులో అందరి ముందే చాలాసేపు ఏడ్చింది. రెండేళ్ళుగా రాని ఏడుపు అది.

కుస్కో చేరింది కానీ, అందరూ పోయి చూసే కొండ మీది పాత నగరానికి పోలేదు. టికెట్టు కోసం వరుసలో నిలబడే ఓపిక లేకపోయింది. అక్కడి బజారులో పండ్లరసం అమ్మే ఆడవాళ్ళ ముందు బల్ల మీద కూర్చుని పదిరోజులు కబుర్లు చెప్పింది. తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు లీమాలో మరిసోల్‌ను కలిసింది.

మరిసోల్ ఆమె ఊహించినంత చిన్నది కాదు. నలభై దాటాయి. మధ్యాహ్నం భోజనానికి ఆఫీసు నుంచి పరుగున వచ్చి గట్టిగా కౌగిలించుకుంది. స్పానిష్‌లోనే మాట్లాడుకున్నారు. మరిసోల్ మాట మాటకూ ఆగి మాట్లాడింది. ఇంటికీ ఆఫీసుకూ రోజూ నాలుగు గంటలు బస్సుల్లోనే పోతాయట. మంచాన పడ్డ తల్లికి అన్నం పెట్టి బయలుదేరుతుందట. భోజనం సగంలో మమత ఆ రోజు కాల్‌లో విన్న వాక్యం చెప్పింది. మరిసోల్ చెంచా కింద పెట్టేసింది. ముఖం ఎర్రబడింది.

"క్షమించు. నువ్వు వింటావని అనుకోలేదు."

"మీరు ఒక్కరే కనిపెట్టారు," అంది మమత. "అక్కడ మా వాళ్ళెవరికీ వినబడలేదు."

ఆగస్టులో ఆఫీసుకు తిరిగొచ్చింది. సురేంద్ర మొదటి రోజే పిలిచాడు. ఆమెకు స్పానిష్ వచ్చని పైవాళ్ళకు తెలిసిందని, లీమా పత్రాలన్నీ స్పానిష్‌లో వస్తున్నాయని, అవి చూసే బాధ్యత కూడా ఆమెకే ఇస్తే హోదా పెరుగుతుందని చెప్పాడు. ఇదివరకటి పని మాత్రం తగ్గదు. మంచి వార్త చెబుతున్నట్టే చెప్పాడు.

"నాకు మాట్లాడుకునే స్పానిష్ వస్తది సార్. పనిచేసే స్పానిష్ రాదు."

"రెండూ ఒకటే గదా?"

"కాదు సార్. అదొక్కటి నాకుండనీయండి. ఇంకొకటి, శని ఆదివారాలు నేను రాను ఇగ."

సురేంద్ర పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. "రేటింగ్ పడిపోతాది," అన్నాడు. బెదిరింపు కాదు, ఉన్న మాట. ఆ సంవత్సరం నిజంగానే పడింది. ఆమెకంటే నాలుగేళ్ళు చిన్నదానికి లీడ్ పదవి వచ్చింది. మమతకు రెండు రోజులు బాధగానే ఉంది. శనివారం మధ్యాహ్నం దాకా పడుకుంది. లేచి కూకట్‌పల్లి పోయి, పార్థసారథి గారి దగ్గర మిగతా పాఠాలు మొదలుపెట్టింది. ఆమె భూతకాలం విని ఆయన, "ఇది పల్లెటూరి యాసండి, ఎక్కడ పట్టారు?" అని అడిగి, దిద్దకుండా వదిలేశారు.

అలసట పోయిందా అంటే పోలేదు. పొద్దున లేస్తే ఉంటుంది. కాకపోతే ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా ఎలా ఉన్నావంటే, అలిసిపోయానని చెబుతుంది. ఇంట్లోనూ చెబుతుంది. ఒకరోజు రోటీలు చేస్తూ ఈరమ్మ, "వాడు నీతోని మాట్లాడకపోతుండె అంటివి గదా ఆ హసింతాతోని. నాకెందుకు చెప్పలే?" అని అడిగింది. మమత ఫోనులో ఎప్పుడో చెప్పిన ముక్క అది, తల్లి మనసులో పెట్టుకుంది. "నువ్వు గూడ డ్యూటీ సంగతులు ఎన్నడు చెప్పలేదు గదమ్మా," అంది మమత. ఈరమ్మ పెనం మీద రొట్టె తిప్పింది. ఆ తర్వాత, ఆ ఆఫీసులో ఒక మేడం తనను పేరు పెట్టి కాక వేలు చిటికేసి పిలిచేదని, ఏడేళ్ళు అలాగే పిలిచిందని చెప్పింది. రొట్టెలన్నీ అయ్యేదాకా చెబుతూనే ఉంది.

అక్టోబరులో హసింతా నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. సిగ్నలు కోసం కొండెక్కి పంపినట్టుంది, వెనక గాలి హోరు. ఈరమ్మ పక్కనే కూర్చుని విన్నది, అర్థం కాకపోయినా చివరిదాకా.

"ఏమంటున్నదే?"

"వాన పడ్డదట. ఆలుగడ్డ ఏస్తున్నరట. కాలువ పని ఇంక మొదలుపెట్టలేదట."

"ఒక్కతే ఏస్తున్నదా, కూలోళ్ళున్నరా?"

మమతకు తెలియదు. "ఆగు, అడుగుత," అని ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.